ఫ్లాట్లా, గోదాము గదులా: నేను అడగని ఒక్క ప్రశ్న

నా పని

బ్యాంకు అప్పు ఇచ్చే ముందు, తాకట్టుకు వచ్చిన కట్టడం విలువ ఎంతో చూసి రమ్మని ఒక ఇంజనీరును పంపుతుంది. అతన్ని వాల్యూయర్ అంటారు. రాయచూరులో ఉంటూ, జిల్లా అంతా తిరుగుతూ ముప్ఫై ఏళ్ళకు పైగా నేను ఆ పని చేశాను. ఇప్పుడు విరమించుకున్నాను.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న ఇంజనీర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఒకటే. అద్దె ఆదాయం కోసం కట్టేవాళ్ళకు ఫ్లాట్లు మేలా, ఈ మధ్య వస్తున్న గోదాము గదులు మేలా? గోదాము గదులంటే పెద్ద షెడ్డును గోడలతో విడగొట్టి, ఒక్కో గదికి ఒక్కో షట్టరు బిగించి, సామాను దాచుకునేవాళ్ళకు నెలవారీగా అద్దెకివ్వడం. నగరాల్లో ఇది పాతదే. మా వైపు కొత్త.

ఆ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు చెబుతాను. అయితే ఆ జవాబు నేర్చుకుంటున్న రోజుల్లోనే నేను ఒక పొరపాటు చేశాను. నా నివేదికలోని ఒక్క మాట వల్ల ఒక కుటుంబం ఎకరం మడి అమ్ముకోవలసి వచ్చింది. ఆ సంగతి దాచి సలహా మాత్రం చెప్పడం నాకు న్యాయంగా తోచలేదు.

మా నాన్న పత్తి మార్కెట్లో హమాలీ. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. అందువల్ల రాసే ప్రతి మాటనూ రెండుసార్లు సరిచూసుకునే అలవాటు నాకు మొదటి నుంచీ ఉంది. రాసినదాన్ని సరిచూసుకున్నంతగా విన్నదాన్ని సరిచూసుకోలేదని చాలా ఆలస్యంగా తెలిసింది.

నరసింగరావు సారు పాఠం

నాకు పని నేర్పింది నరసింగరావు సారు. రాయచూరు కోటకు దగ్గర్లో పుట్టి పెరిగిన మనిషి. ఉర్దూ, కన్నడం, తెలుగు మూడూ ఒకే వాక్యంలో మాట్లాడేవారు. నేను చేరిన కొత్తలో ఒక నాలుగు వాటాల ఇల్లు చూసి వచ్చి, నాలుగింటిలోనూ కిరాయిదారులున్నారని రాశాను.

ఆయన కాగితం చూసి, "ఎవలు చెప్పిన్రు?" అన్నారు.

"ఇంటాయన చెప్పిండు సార్."

"ఇంటాయన చెప్పింది రాసుకొచ్చేటందుకు ఇంజినీరు ఎందుకయ్యా? పోస్టుమాన్ గూడ తెస్తడు. కరెంటు మీటర్లు చూసినవా?"

చూడలేదు. మళ్ళీ వెళ్ళి చూస్తే రెండు మీటర్లు నెలల తరబడి కదలలేదు. రెండు వాటాలు ఖాళీ.

"ఇంటికైతే మీటరు చూడు. గోదాముకైతే తాళం చూడు," అన్నారు సారు. "తాళం మీద దుమ్ము ఉంటే లోపల మాల్ నిద్ర పోతున్నట్టు. సాలెగూడు ఉంటే మాలే లేనట్టు. మనిషి అబద్ధం చెప్తడు, తాళం చెప్పదు."

ఈ పాఠం నాకు జీవితాంతం పనికొచ్చింది. దీనిలో ఒక లోపం కూడా ఉంది. మనిషి అబద్ధం చెబుతాడేమో చూసుకోమని సారు నేర్పారు. మనిషి నిజం చెప్పినా మనం తప్పుగా వినవచ్చునని ఆయన చెప్పలేదు. బహుశా ఆయనకు ఆ అవసరం రాలేదు.

ఫ్లాట్ల సంగతి

ఫ్లాటుకు ఉన్న పెద్ద బలం, దాని అవసరం అందరికీ అర్థం కావడం. ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, పిల్లల చదువు కోసం పల్లెల నుంచి వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. బ్యాంకు కూడా ఫ్లాటు మీద తేలిగ్గా అప్పు ఇస్తుంది. అవసరం పడితే యజమానే వచ్చి అందులో ఉండవచ్చు.

బలహీనత అంతా నీళ్ళలోనూ ఎండలోనూ ఉంది. రాయచూరులో మూడంతస్తుల ఇల్లు కట్టిన ఒకాయన, పై అంతస్తు ఏటా ఏప్రిల్‌లో ఎందుకు ఖాళీ అవుతున్నదో తెలియడం లేదని నాతో వాపోయాడు.

"గాలి మస్తు వస్తది సార్ మీద," అన్నాడు.

అప్పుడే సామాను దించుతున్న కిరాయిదారు వెనక్కి తిరిగి, "గాలి గాదు సార్, పొయ్యి! చపాతి పెండ్లాము చేస్తలేదు, స్లాబే చేస్తున్నది," అన్నాడు.

ఇంటాయన కూడా నవ్వాడు. ఆ నవ్వుతోనే మరుసటి ఏడు పైకప్పుకు సున్నం కొట్టించి, రెండు చోట్ల కిటికీలు పెట్టించాడు. ఫ్లాట్ల యజమాని పని ఇదే. బోరు నీటికి పైపుల్లో ఉప్పు పేరుకుంటుంది, మోటారు కాలుతుంది, మనిషి మారినప్పుడల్లా రంగు వేయాలి. పన్నెండు నెలల అద్దె అని కాగితం మీద రాసుకునేవాళ్ళను నేను ఏనాడూ నమ్మలేదు. ఒక నెల ఖాళీకి, ఒక నెల మరమ్మతుకు పక్కన పెట్టి మిగిలిన పది నెలలనే లెక్కలోకి తీసుకోమని కొత్తవాళ్ళకు చెబుతాను.

గోదాము గదుల సంగతి

గోదాము గురించి నాకు కాలేజీ కంటే ముందు మా నాన్న చెప్పాడు. "గోడ తడి నీకు కనబడదు బిడ్డా, సంచికి తెలుస్తది. అడుగు సంచి వాసన చూడు," అనేవాడు. ఆ మాట ప్రకారమే నేను ఏ గోదాముకు వెళ్ళినా మొదట మూలల్లో వంగి వాసన చూసేవాణ్ణి. చూసినవాళ్ళు నవ్వుకునేవారు.

గదుల బలం తక్కువ చాకిరీ. కుళాయి లేదు, మరుగుదొడ్డి లేదు, వంటిల్లు లేదు. కానీ నేల లారీ తొట్టె ఎత్తుకు దగ్గరగా ఉండాలి, ముందు లారీ తిరిగేంత చోటు ఉండాలి, చెదలు రాకుండా పునాదిలోనే మందు పడాలి. ఈ మూడింటిలో ఒకటి తప్పినా తరువాత సరిదిద్దడం కష్టం.

బలహీనతలు రెండు. మొదటిది, గదులు నిండడానికి కాలం పడుతుంది. ఇంటికి మనిషి తానే వెతుక్కుంటూ వస్తాడు. సామానుకు గది అద్దెకు దొరుకుతుందన్న ఊహే మా ఊళ్ళలో చాలామందికి లేదు. మొదటి ఏడు సగం ఖాళీగా ఉంటుందనుకుని ఓర్చుకోగలవాళ్ళే కట్టాలి. రెండవది, తాళం అద్దెకున్నవాడిది. లోపల ఏముందో యజమానికి కనబడదు. పురుగు మందు పెట్టాడో, ఘాటైన సరుకు పెట్టాడో వాసన వచ్చే దాకా తెలియదు.

సింధనూరులో నాలుగు ఫ్లాట్లు

సింధనూరు తాలూకాలోని బాళగనూరు వైపు, కాలువ కింద వరి పండించే ఆంధ్ర కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఒక కుటుంబం వెంకటరత్నం గారిది. ఆయన, భార్య సీతామహాలక్ష్మి గారు సింధనూరు పట్నంలో స్థలం కొని నాలుగు ఫ్లాట్లు కట్టారు. వెనుక ఖాళీ స్థలంలో పన్నెండు గోదాము గదులు కట్టాలని పునాది వేసి, మిగతా పనికి ఆ ఫ్లాట్లను తాకట్టు పెట్టి బ్యాంకు అప్పు అడిగారు. అప్పు రాకపోతే పునాది దగ్గరే పని ఆగుతుంది, లేదా పొలం అమ్మాలి. వాళ్ళకు ఉన్న పొలంలో రెండు పంటలకూ నీరందేది కాలువ మొదట్లో ఉన్న రెండెకరాలే. మిగిలింది కాలువ చివరిది, నీటి భరోసా లేనిది. కొనడానికి పక్క పొలం ఆయన సిద్ధంగా ఉన్నాడు, అడిగింది ఆ రెండెకరాలనే.

బ్యాంకు నన్నే ఎంచుకుని పంపడానికి కారణం నాకు తెలుగు రావడం. "వాళ్ళ భాష మీదే కదా," అన్నారు కన్నడిగుడైన మేనేజరు గారు. నాకూ అది గర్వంగానే అనిపించింది.

నేను వెళ్ళిన రోజు వెంకటరత్నం గారు పొలంలో ఉన్నారు. సీతామహాలక్ష్మి గారు ఇల్లంతా తిప్పి చూపించారు. మీటర్లు చూశాను, నాలుగూ కదులుతున్నాయి. గోడలు చూశాను, బాగున్నాయి.

"ఫ్లాట్లు నడుస్తుండగా మళ్ళ ఈ గదులెందుకమ్మా?" అని అడిగాను.

"మీకేం తెలుస్తుందండీ బాబూ మా బాధ! కుళాయి కారినా నాకే ఫోను, మోటారు ఆగినా నాకే ఫోను. బాళగనూరు నుంచి బస్సెక్కి రావాలి. ఈ గదులైతే షట్టరేసి తాళం వేసుకుని పోతారు. సామానుకి దాహం వెయ్యదు కదండీ!"

నేను నవ్వి, నా ఫారంలోని తరువాతి గడికి వచ్చాను. "ఇండ్లు ఎట్ల ఇచ్చిన్రమ్మా?"

"నాలుగూ లీజుకిచ్చేసేమండి. సొమ్ము కూడా ముందే పుచ్చేసుకున్నాం. ఏ గొడవా లేదు."

ఆమె మజ్జిగ ఇచ్చారు. తాగి, మా భాషలో కాసేపు మాట్లాడుకున్న తృప్తితో రాయచూరు బస్సెక్కాను. ఆ రాత్రే నివేదికలో రాశాను: నాలుగు ఫ్లాట్లూ లీజులో ఉన్నాయి, నెలవారీ అద్దె ఆదాయం లేదు.

ఒక మాట, రెండు అర్థాలు

రాయచూరు పట్నంలో పెరిగినవాడికి ఇల్లు "లీజు" అంటే ఒకే అర్థం. చేరేవాడు పెద్ద మొత్తం ఒకేసారి ఇస్తాడు. రెండు మూడేళ్ళు అద్దె లేకుండా ఉంటాడు. వెళ్ళేటప్పుడు ఆ మొత్తం తిరిగి తీసుకుంటాడు. కన్నడంలో దాన్నే భోగ్యం అంటారు. బ్యాంకు దృష్టిలో అలాంటి ఇల్లు ఆదాయం ఇవ్వదు. పైగా యజమాని తిరిగి ఇవ్వవలసిన మొత్తం ఒకటి నెత్తి మీద ఉంటుంది.

కాలువ కింది రైతుకు "లీజు" అంటే కౌలు. ఏడాదికి ఇంత అని పొలం ఇస్తారు, ఆ ఏడాది సొమ్ము ముందే తీసుకుంటారు, మళ్ళీ ఏడాదికి మళ్ళీ తీసుకుంటారు. అందులో తిరిగి ఇచ్చేదేమీ ఉండదు. సీతామహాలక్ష్మి గారు పొలం పద్ధతినే ఇంటికి తెచ్చారు. ఏడాది అద్దె ముందే తీసుకున్నారు. అంటే నెలనెలా వసూలు చేసేవాళ్ళకంటే ఆమె ఆదాయమే గట్టిది.

ఆమె చెప్పిన ప్రతి మాటా నిజం. నేను రాసిన ప్రతి మాటా తప్పు.

కన్నడం మాత్రమే వచ్చిన వాల్యూయర్ వెళ్ళి ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదని నా నమ్మకం. అతను భాష రాక ఇంకొకరిని పిలిచేవాడు, రెండుసార్లు అడిగేవాడు, ఒప్పంద పత్రాలు తెప్పించేవాడు. నేను అడగలేదు. నాకు తెలుగు తెలుసు కనుక అడగలేదు.

బుధవారం

బ్యాంకు అప్పు నిరాకరించింది. ఆ విషయం నాకు తెలియదు. నివేదిక ఇచ్చాక ఫలితం అడిగే అలవాటు మా వృత్తిలో లేదు. ఒక బుధవారం మధ్యాహ్నం సీతామహాలక్ష్మి గారు రాయచూరులోని నా ఆఫీసుకు వచ్చారు. ఒక్కరే వచ్చారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మీరు తెలుగోరే కదండీ?" అన్నారు.

"అవునమ్మా."

"మా ఇళ్ళకి అద్దె రాదని ఎందుకు రాశారండీ?"

"మీరే చెప్పిన్రు గదమ్మా, నాలుగు లీజుకిచ్చినం అని."

"లీజుకిస్తే అద్దె రాకపోవడమేవిటండీ? ధర్మానికిచ్చేమా?"

అప్పుడు కూడా నాకు వెంటనే వెలగలేదు. లీజు సొమ్ము తిరిగి ఇవ్వాలి కదా అని నేను, ఏడాది కౌలు తిరిగి ఎవడిస్తాడండీ అని ఆమె, కొంతసేపు ఒకరినొకరు మతి లేనివాళ్ళను చూసినట్టు చూసుకున్నాం. చివరికి ఆమె సంచిలోంచి నాలుగు ఒప్పంద పత్రాలు తీసి బల్ల మీద పెట్టారు. మొదటి పత్రం రెండో వాక్యం చదివేసరికి నా తప్పు నాకు అర్థమైంది.

"శుక్రవారం కాగితం రాసుకుంటారండి," అన్నారామె, ఇప్పుడు నెమ్మదిగా. "రెండెకరాలూ. మా ఆయన మాటిచ్చేశారు. మేస్త్రికి పని ఆపమని చెప్పలేక."

నేను చేయవలసింది స్పష్టంగానే ఉంది. అయినా పది నిమిషాలు చేయలేకపోయాను. నా నివేదిక తప్పని నేనే రాసి ఇస్తే బ్యాంకు నన్ను మళ్ళీ పంపకపోవచ్చు. మా ఇంట్లో ఇంజనీరు అనిపించుకున్న మొదటివాడికి ఆ పేరు మీద మచ్చ పడడం చిన్న విషయం కాదు. ఇది ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆ పది నిమిషాలు జరిగాయి. ఆమె వాటిని చూశారు కూడా.

"రాస్తారా, రాయరా? చెప్పెయ్యండి. నాకు మూడింటికి బస్సుంది," అన్నారు.

రాశాను. "యజమాని చెప్పినది సరిగానే ఉంది, నేను అర్థం చేసుకున్నది తప్పు" అన్న వాక్యం మొదట పెట్టి, ఒప్పంద పత్రాల నకళ్ళు జతచేసి, ఆ సాయంత్రమే మేనేజరు గారి చేతికి ఇచ్చాను. ఆయన చదివి, "మరొకరిని పంపి చూపించాలి. రెండు మూడు వారాలు పడుతుంది," అన్నారు. ఆయన చేసింది సరైన పనే. నేనే ఆయన స్థానంలో ఉంటే అదే చేసేవాణ్ణి.

శుక్రవారం ఆగలేదు. సీతామహాలక్ష్మి గారు భర్తతో, కొనే ఆయనతో కూర్చుని, మేస్త్రి పని నిలవకుండా ఒక ఎకరం ఇచ్చి, రెండో ఎకరానికి నెల గడువు అడిగారు. నెల తిరగక ముందే బ్యాంకు అప్పు మంజూరు చేసింది. రెండో ఎకరం మిగిలింది.

ఆ తరువాత ఏడాది పాటు ఆ బ్యాంకు నన్ను పిలవలేదు. అది నాకు తగినదే.

ఆమె తీర్పు, నా తీర్పు

గదులు కట్టిన రెండేళ్ళకు నేను సింధనూరు వెళ్ళినప్పుడు చూడడానికి ఆగాను. పన్నెండింటిలో తొమ్మిదింటి తాళాల మీద దుమ్ము లేదు. బదిలీ మీద వెళ్ళిన ఉద్యోగి మంచాలు ఒకదాంట్లో, పెళ్ళిళ్ళకు షామియానాలు వేసే ఆయన పరుపులు ఒకదాంట్లో, రైతుల ఖాళీ గోనె సంచులు, టార్పాలిన్లు మిగతావాటిలో ఉన్నాయి.

"మొదటి ఏడు నాలుగే నిండేయండి. అప్పుడు మా ఆయన నన్ను సాధించని రోజు లేదు," అన్నారు సీతామహాలక్ష్మి గారు. "తర్వాత ఒకాయన గోను సంచులని చెప్పి ఎండు మిరపకాయలు పెట్టేడు. పక్క గదిలో షామియానా ఆయన పరుపులు. ఆ పరుపులు పెళ్ళికి తీసుకెళ్తే పెళ్ళికొడుకు తలంబ్రాలు పోస్తూ తుమ్ములేనంట!"

నేను నవ్వడం ఆపాక ఆమె నా వైపు తిన్నగా చూశారు. "ఎకరం పోయిందండి. మీ వల్లే. రెండోది మిగిలింది. అదీ మీ వల్లే. రెండూ చెప్పాలి కదా."

ఇంతకంటే సరైన విలువ కట్టడం నేను ఎవరి దగ్గరా వినలేదు.

ఇక మొదటి ప్రశ్నకు జవాబు. కట్టడం పక్కనే ఉంటూ, మనుషులతో రోజూ వేగగలిగే ఓపిక ఉన్నవాళ్ళకు ఫ్లాట్లే మేలు. దూరంగా ఉండేవాళ్ళకు, వెడల్పాటి రోడ్డు ఉన్నవాళ్ళకు, మొదటి ఒకటి రెండేళ్ళు ఖాళీ గదులను చూస్తూ నిద్రపోగలిగేవాళ్ళకు గోదాము గదులు మేలు. కానీ గదులు మాత్రమే కట్టి బతకమని నేను ఎవరికీ చెప్పను. సీతామహాలక్ష్మి గారి గదులు నిలబడింది నాలుగు ఫ్లాట్ల అద్దె వెనుక ఉండడం వల్లనే. రెండెకరాల్లో ఒకటి పోతేనే నిలబడ్డాయన్నది కూడా ఆ లెక్కలో చేర్చాలి.

ఆ బుధవారం తరువాత నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. మేము నివేదికలు ఇంగ్లీషులో రాస్తాం. ఎవరి ఇంటి గురించి రాశామో వాళ్ళకే అది చదవడం రాదు. విలువ ఎంతో బ్యాంకుకే చెప్పాలి, అది నియమం. కానీ వాళ్ళ నోట విన్న వాస్తవాలున్న పేజీని, అక్కడే కూర్చుని, వాళ్ళ భాషలో వాళ్ళకు చదివి వినిపించి, "నేను అర్థం చేసుకున్నది ఇదేనా?" అని అడిగిన తరువాతే సంతకం పెట్టేవాణ్ణి. దానికి పావుగంట ఎక్కువ పడుతుంది. మాన్వి తాలూకా మల్లట్‌లో ఒక ముసలాయన, "ఇంజినీరు సాబుకు చెవుడు గిట్ల ఉన్నదా?" అని మనవణ్ణి అడిగాడు. ఉన్నదనుకుంటేనే ఈ వృత్తిలో మంచిదని నా అభిప్రాయం.

పదకొండో గది

విరమించుకున్నాక మా చిన్న ఇంట్లో నా పాత పుస్తకాలకు చోటు లేకపోయింది. ముప్ఫై ఏళ్ళ కొలతల పుస్తకాలు పారేయడానికి మనసు ఒప్పలేదు. సీతామహాలక్ష్మి గారికి ఫోను చేసి ఒక గది కావాలన్నాను. రాయచూరు నుంచి అంత దూరం ఎందుకని మా ఆవిడ అడిగింది. కారణం చెప్పడానికి నాకు సిగ్గేసింది.

ఆటోలోంచి పెట్టెలు పదకొండో గది ముందు దించాక ఆమె ఒక కాగితం నా ముందు పెట్టారు. పైన పెద్ద అక్షరాల్లో "అద్దె ఒప్పందం" అని ఉంది. నేను అలవాటుగా జేబులోంచి కళ్ళజోడు తీశాను. ఆమె కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టారు.

"చదవడం మీకొచ్చని తెలుసండి. ఏం అర్థమైందో నోటితో చెప్పండి."

వెంకటరత్నం గారు గుమ్మంలో నిలబడి నవ్వు ఆపుకుంటున్నారు.

"గది మీది, తాళం నాది," అన్నాను. "మిరపకాయలు పెట్ట. పురుగు మందు పెట్ట. నెల నెల కిరాయి ఇస్త."

ఆమె కలం నా చేతికి ఇవ్వబోయి ఆగారు.

"కిరాయి అంటే?"

"అద్దేనమ్మా."

"తిరిగి అడగరు కదా?"

"అడగనమ్మా."

"అయితే పెట్టండి సంతకం," అన్నారు.